ఒకటిన్నరకి వెంట్రుకవాసి

"పాప నిన్నటికంటే తగ్గిపోయిందేమో!"

మా పాప పుట్టిన కొత్తలో పొద్దున లేవగానే నా నోట వచ్చే మొదటి మాట ఇదే. పాలు పట్టే ముందొకసారి, పట్టాక ఇంకోసారి దాన్ని త్రాసు మీద పడుకోబెట్టేదాన్ని. అది కాళ్ళు ఆడించేది, అంకె అటూ ఇటూ ఊగేది, దాంతోపాటు నా ప్రాణమూ ఊగేది. నేను భౌతికశాస్త్రం చదువుకున్నదాన్ని. ఏ కొలతలోనైనా కాస్త తేడా ఉండి తీరుతుందని ప్రయోగశాలలో పిల్లలకి పాఠం చెప్పినదాన్ని. అదే తేడా నా బిడ్డ బరువులో కనిపించేసరికి చదివిందంతా ఎటు పోయేదో తెలిసేది కాదు. "నువ్వు చూసే చూపుకే అది చిక్కిపోతుందే తల్లీ," అనేవారు మా అత్తగారు.

ఆ భయం నాకు ఊరికే పట్టుకోలేదు. మా ఇంట్లో ఒక బిడ్డ తూకం దగ్గర జరగరానిది జరిగింది. అది చెప్పాలంటే ముందు మా బావ గురించి చెప్పాలి.

బావ అంటే మా అక్క మొగుడు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని వెచ్చగా ఉంచే అద్దాల పెట్టెలు తయారుచేసే చిన్న కంపెనీలో ప్రోగ్రాములు రాస్తాడు. కంపెనీ అంటే పెద్ద భవనం ఏమీ కాదు. కింద సైకిళ్ళు బాగుచేసే దుకాణం, పైన రెండు గదులు. మెట్లు ఇరుకు, ఎదురుగా ఎవరైనా దిగుతుంటే గోడకి అతుక్కోవాలి. ఒక గదిలో కాళ్ళు పైకి పెట్టుకున్న సగం తయారైన పెట్టెలు, వైర్ల చుట్టలు, సీసం కరిగిన వాసన. రెండో గదిలో కిటికీ పక్క బల్ల మీద బావ కంప్యూటరు, దాని పక్కన బారుగా ఇసుక సంచులు.

ఆ సంచుల సంగతి చెప్పాలి. పెట్టె అడుగున త్రాసు ఉంటుంది. బిడ్డని బయటికి తీయకుండానే తూకం తెలియాలి కదా. గుడ్డలు, గొట్టాలు రోజూ మారుతుంటాయి కాబట్టి బావ రాసిన ప్రోగ్రాం త్రాసు చూపే మొత్తం బరువుని నమ్మదు. నిన్నటికీ ఇవాళ్టికీ బిడ్డ ఎంత పెరిగిందో అంతవరకే లెక్కగట్టి, పాత బరువుకి కలుపుతూ పోతుంది. ఆ కూడిక బాగా నడుస్తోందో లేదో చూడటానికి బావ దర్జీ దగ్గర గుడ్డ సంచులు కుట్టించి, పావు కిలో చొప్పున ఇసుక నింపించాడు. ఒకటి పెడితే పావు, రెండు పెడితే అర, మూడు పెడితే ముప్పావు. నోటితో లెక్కపెట్టుకోవడానికి సుళువు, పొరపాటుంటే ఇట్టే తెలిసిపోతుంది. ఏ కొత్త పెట్టె బయటికి వెళ్ళాలన్నా ఆ సంచుల పరీక్ష నెగ్గాలి. అందుకే అక్కడ ఆయన పేరు ముప్పావుగారు.

అక్కడి వెల్డరు ఆ సంచుల్ని చూపించి అనేవాడట, "ఏంటి ముప్పావుగారూ, మీ పిల్లలు ఎప్పుడూ ఏడవరే?"

"పెంపకం అలాంటిది," అనేవాడు బావ.

ఇంట్లోనూ ఆ పేరే స్థిరపడింది. టీ కూడా ముప్పావు గ్లాసే తాగేవాడు. నేను నిండా పోసి తెస్తే, "మరదలు పిల్లా, ఇది నా కొలత కాదు," అని వెనక్కి పంపేవాడు. "ఆ పావు నేను తాగాలా బావా?" అని పోట్లాడేదాన్ని. అక్క వంటింట్లోంచి, "ఆయన మనసు మాత్రం నిండుగా ఉంటుందిలేవే, అక్కడ కొలవకు," అనేది. పెళ్ళయి చాలాకాలమైనా వాళ్ళకి పిల్లల్లేరు. ఆ మాట మేమెవరమూ ఎత్తేవాళ్ళం కాదు. వాళ్ళిద్దరూ మాత్రం ఎప్పుడూ నవ్వుకుంటూనే ఉండేవాళ్ళు.

చివరికి అక్కకి నెల తప్పింది. బావ మెట్లు రెండేసి చొప్పున ఎక్కడం మొదలుపెట్టాడని వెల్డరు ఊరంతా చెప్పాడు. కానీ బిడ్డ తొందరపడింది. రావలసిన దానికి చాలా ముందే వచ్చేసింది. ఆడపిల్ల. నా అరచేతి నుంచి మోచేతి దాకా లేదు. చర్మం కింద నరాలు నీలం దారాల్లా కనిపించేవి.

ఊరికంతటికీ పసిపిల్లల వార్డు ఒకటే. అందులో ఉన్నవన్నీ బావ వాళ్ళ కంపెనీ పెట్టెలే. బిడ్డని పెట్టెలో పడుకోబెట్టినప్పుడు బావ అద్దానికి ముక్కు ఆనించి, "నా చేతుల్లో పెరిగిన పెట్టె ఇది. మన పిల్లని బాగా చూసుకుంటుంది," అన్నాడు. అక్కకి ఆ మాట ఎంత ధైర్యమిచ్చిందో నేను కళ్ళారా చూశాను.

ఆ వార్డులో ఒక నియమం ఉంది. బిడ్డ బరువు ఒకటిన్నర కిలోకి చేరేదాకా పెట్టె తెరిచి తల్లి చేతికివ్వరు. చేరిన రోజు పెట్టె మీద ఎర్రదీపం పోయి పచ్చదీపం వెలుగుతుంది. అప్పుడు తల్లి గుండెల మీద బిడ్డని పడుకోబెట్టి, ఇద్దరికీ కలిపి దుప్పటి కప్పుతారు. ఆ దీపం వెలిగించే ప్రోగ్రాం బావ రాసిందే. పెద్దగా ఏమీ లేదు, ఒక్క వాక్యం. బరువు ఒకటిన్నరకి సమానమైనా, మించినా, పచ్చ. లేకపోతే ఎరుపు.

అక్క ఆ దీపం కోసమే బతికింది. గుండ్రటి కిటికీలోంచి చెయ్యి పెట్టి ఒక్క వేలితో బిడ్డ పాదం ముట్టుకోవడం, అంతవరకే దొరికేది. రోజూ మధ్యాహ్నం తూకం వేళకి స్నానం చేసి, జుట్టు బిగించి కట్టుకుని, ఉంగరం తీసి నాకిచ్చి, మోచేతుల దాకా సబ్బుతో తోముకుని వచ్చి నిలబడేది. "ఇవాళ కాదమ్మా," అనేది పెద్ద సిస్టరు. "ఫరవాలేదు సిస్టర్, రేపు మళ్ళీ తోముకుంటా," అనేది అక్క.

ఆ రోజు పెట్టెకున్న చిన్న తెర మీద ఒకటీ పాయింట్ ఐదు సున్నా అని వచ్చింది. నేనూ చూశాను. అక్క గబగబా కుర్చీలో కూర్చుని ఆస్పత్రివాళ్ళిచ్చిన గౌను ముడి విప్పుకుంది. పెద్ద సిస్టరు దుప్పటి తీసింది. అంతలో ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"దీపం ఇంకా ఎర్రగానే ఉందేంటి?"

అందరం దీపం వైపు చూశాం. ఎర్రగానే ఉంది. ఇంకోసారి తూచారు. అదే అంకె, అదే ఎరుపు.

పెద్ద సిస్టరు బావ వైపు తిరిగింది. "మీ కంపెనీదేగా ఇది? అంకె వచ్చింది, దీపం రాలేదు. ఏం చెయ్యమంటారు? మీరు సరేనంటే డాక్టరుగారిని ఒక మాట అడిగి ఇచ్చేస్తాను."

అక్క కుర్చీలోంచే, "ఇచ్చెయ్యమను. వచ్చిందిగా ఒకటిన్నర, కనిపిస్తోందిగా," అంది. చేతులు అప్పటికే చాచి ఉన్నాయి.

బావ పెట్టె దగ్గరికి వెళ్ళాడు, వంగి చూశాడు. ఆయన మొహం పాలిపోయింది. బిడ్డకి ఏమవుతుందోనన్న భయం తప్ప అందులో ఇంకేమీ లేదు.

"వద్దు," అన్నాడు. "దీపం వెలగలేదంటే ఏదో కారణం ఉంటుంది. ఆ మెషిన్ సంగతి నాకు తెలుసు. ఊరికే ఆపదు. రేపటి దాకా ఆగుదాం."

"ఒక్క నిమిషం పట్టుకుని ఇచ్చేస్తాలే."

"ఇన్నాళ్ళు ఆగావు, ఇంకొక్క రోజు. నా మాట విను."

అక్క చాచిన చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "సరే. నువ్వు తెలుసన్నావు కాబట్టి ఆగుతున్నా," అంది. గౌను ముడి మళ్ళీ వేసుకుంది.

మర్నాడు తూకం వేళ రాలేదు. తెల్లవారేసరికి బిడ్డకి ఒళ్ళు చల్లబడింది. రక్తంలో ఏదో క్రిమి చేరిందన్నారు. పెట్టె చుట్టూ తెరలు లాగారు. మేం బయట గోడకి ఆనుకుని నిలబడ్డాం. తెరలు తీసేసరికి అంతా అయిపోయింది. పెద్ద సిస్టరు బిడ్డని తెల్లగుడ్డలో చుట్టి తెచ్చి అక్క చేతుల్లో పెట్టింది. ఇప్పుడు ఏ దీపంతోనూ పని లేదు.

అక్క ఏడవలేదు. చేతుల్ని కాస్త పైకీ కిందికీ ఆడించింది, తూచినట్టు.

"తేలిగ్గా లేదు," అంది నాతో. "బరువుగానే ఉందే."

ముందురోజు ఎత్తుకున్నా ఎత్తుకోకపోయినా బిడ్డ దక్కేది కాదని డాక్టరు తర్వాత ఒకటికి రెండుసార్లు చెప్పాడు. అది నిజమే అయ్యుండాలి. మేం ఆ మాట పట్టుకునే బతికాం, కొంతకాలం.

ఆ తర్వాత ఒకరోజు పెద్ద సిస్టరు బావకి ఫోన్ చేసింది. "మళ్ళీ అలాగే అయింది. తెర మీద ఒకటిన్నర, దీపం ఎరుపు. ఈసారి నేను ఆగలేదు, డాక్టరుగారికి చెప్పి తల్లికిచ్చేశాను. బిడ్డ బాగుంది. మీరొకసారి చూసుకోండి, ఏమీ అనుకోకండి," అంది.

బావ చూసుకున్నాడు. ఆయన ఏం కనిపెట్టాడో తర్వాత నాకు చెప్పాడు. నాకు అర్థమైనంతలో చెబుతాను.

మనం లెక్కలు పదుల్లో చేస్తాం. కంప్యూటరు సంఖ్యల్ని సగాలుగా, సగంలో సగాలుగా విరిచి దాచుకుంటుంది. అర దానికి సుళువు. పావు సుళువు. ముప్పావంటే అరా, పావూ. కానీ పదోవంతు సగాలుగా ఎంత విరిచినా పూర్తిగా తెగదు. మూడోవంతుని దశాంశంలో రాయబోతే మనకి మూళ్ళు ఎంతకీ తెగవు చూడండి, అలాగే. ఎక్కడో ఒకచోట కత్తిరించి సరిపెట్టుకోక తప్పదు. అలా కత్తిరించిన పదోవంతుని పదిసార్లు కలుపుతూ వెళితే ఒకటి రాదు. ఒకటికి వెంట్రుకవాసి ఇవతల ఆగిపోతుంది. తెర మాత్రం రెండంకెలకి సరిచేసి నిండుగా ఒకటి అని చూపిస్తుంది. కంటికి కనిపించేది ఒకటి, లోపల పోల్చి చూసేది ఇంకొకటి.

ఇదేమీ రహస్యం కాదు. ప్రోగ్రాములు రాసేవాళ్ళు మొదట్లోనే నేర్చుకునే పాఠం. బావకీ తెలుసు. దశాంశాలతో లెక్కలు కట్టి, చివర్లో ఇది దానికి సమానమా అని అడక్కూడదని ఆయనే కొత్తగా చేరినవాళ్ళకి చెప్పేవాడు. కానీ పెట్టెలన్నిటినీ పరీక్షించింది ఇసుక సంచులతో. పావు, అర, ముప్పావు. కంప్యూటరు ఎప్పుడూ తప్పని సంఖ్యలు అవే. ఆరు సంచులు పెట్టినప్పుడల్లా పచ్చదీపం ఠంచనుగా వెలిగింది. పసిపిల్లలు పావు కిలో చొప్పున పెరగరు కదా. ఓ రోజు ఇంత, ఓ రోజు అంత, పదోవంతుల్లో, అందులో పదోవంతుల్లో పెరుగుతారు. మా పిల్ల పెరిగిన ప్రతి చిటికెడూ కాస్త కత్తిరింపుతో కలిసింది. ఆ రోజు లోపల నిలిచిన సంఖ్య ఒకటిన్నరకి ఇవతల ఆగింది.

ఆ తేడా ఎంతో నేను లెక్కగట్టాను. నాకు అదొక జబ్బు. బిడ్డని తీసుకుపోయిన క్రిముల్లో ఒక్క క్రిమి బరువుకి కూడా తూగదు.

బావ ఆ వాక్యాన్ని మార్చేశాడు. సమానమా అని అడగటం మానేసి, ఒకటిన్నరకి ఇంత దగ్గరగా ఉంటే చాలు అని రాశాడు. యజమాని, "ప్రాణం మీదకి ఏమీ రాలేదుగా, గుట్టుగా సరిచేసి పంపించెయ్," అంటే, "గుట్టుగా అయితే నేను పంపను," అని పెట్టెలు వెళ్ళిన అన్ని ఊళ్ళ ఆస్పత్రులకీ తనే ఫోన్ చేసి విషయం చెప్పాడు. ఆ తర్వాత అక్కకి చెప్పడం మిగిలింది.

ఆ సాయంత్రం నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. అక్క ఆరిన బట్టలు మడతపెడుతోంది. బావ ఎదురుగా నేల మీద కూర్చుని, ఇసుక సంచుల దగ్గర్నుంచి మొదలుపెట్టి ఏమీ దాచకుండా చెప్పాడు. అక్క మడతపెట్టడం ఆపలేదు.

"అయితే ఆ రోజు అది ఒకటిన్నర ఉందా?"

"ఉంది."

"అంకె వచ్చింది, నేను చూశాను అన్నాను."

"అన్నావు."

"నీకు అప్పుడు తెలియదా?"

"తెలియదు. నీ మీద ఒట్టు, తెలియదు."

అక్క చేతిలో ఉన్నది బావ చొక్కా. దాన్ని మడతపెట్టబోయి మళ్ళీ విప్పింది. "తెలియకపోతే తెలియదని చెప్పాల్సింది. తెలుసన్నావు. సిస్టరు ఇస్తానంది, నేను చేతులు చాపాను. నువ్వు తెలుసన్నావని ముడి వేసుకున్నాను."

నేను ఏదో అనబోయాను. "నువ్వు లోపలికెళ్ళవే," అంది అక్క, గొంతు పెంచకుండానే.

అక్క ఆయన్ని వదిలి వెళ్ళలేదు. వండి పెడుతుంది, జ్వరమొస్తే పక్కన కూర్చుంటుంది. కానీ ఆ రోజు నుంచి ఆయన్ని ఏదీ అడగదు. వాన వస్తుందా, బస్సు దొరుకుతుందా, ఏ చిన్న సంగతైనా బయటివాళ్ళని అడిగి తెలుసుకుంటుంది. ఆయన పక్కనే కూర్చుని ఉన్నా సరే. బావ కూడా తనంతట తాను ఏమీ చెప్పడు. ముప్పావుగారు అని ఇప్పుడు ఎవరూ పిలవరు. వెల్డరే అందరినీ కసురుకుని మాన్పించాడు.

నాకు పాప పుట్టాక ఇద్దరూ చూడటానికి వచ్చారు. అక్క గుమ్మం దాకా వచ్చి ఆగింది. "జలుబుగా ఉందే, దగ్గరికి రాకూడదు," అంది. జలుబేమీ లేదు. పాప గుడ్డలన్నీ మడతపెట్టి, మళ్ళీ విప్పి మడతపెట్టి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నేను అలవాటు కొద్దీ పాపని తూస్తున్నాను. బావ గోడవారగా నిలబడి చూస్తున్నాడు.

"తగ్గింది బావా," అన్నాను. ఏడుపొచ్చేసింది. "పొద్దున్న ఉన్నంత లేదు. చూడండి."

"ఎంత తగ్గితే భయపడాలి?" అన్నాడు.

"తగ్గకూడదంతే."

"తగ్గకూడదంతే అన్నది కొలత కాదమ్మాయ్. ఏ రెండు తూకాలూ అచ్చంగా ఒకటి కావు, నాకంటే నీకే బాగా తెలుసు. ఇది నిన్నటికి సమానమా అని అడుగుతూ కూర్చుంటే ప్రతిసారీ కాదనే వస్తుంది. ప్రతిసారీ ఇలా ఏడుస్తూ కూర్చుంటావా?"

నేను కళ్ళు తుడుచుకున్నాను. "మరేం చెయ్యను?"

బావ వంటింటి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "ఆ రోజు అద్దం ముందు నిలబడి నేను కొత్తగా తేల్చాను చూడు, అదీ నేను చేసిన తప్పు. ప్రోగ్రాంలో తప్పు ఎవరైనా చేస్తారు, దిద్దుకుంటారు. తెర మీద అంకె వచ్చి దీపం రాకపోతే ఎవరి మాట వినాలో ముందే అనుకుని ఉండాల్సింది. అనుకోలేదు. అప్పటికప్పుడు, వణుకుతూ, ఆగమన్నాను. భయపడినవాడు ఎప్పుడూ ఆగమనే అంటాడు."

పాప త్రాసు మీద గుక్కపట్టింది. బావ దాన్ని ఎత్తలేదు, ఎత్తుకోమని నాకు సైగ చేశాడు. ఎత్తుకున్నాను. ఏడుపు తగ్గేదాకా ఆగి మళ్ళీ మొదలుపెట్టాడు.

"ఎంత తేడాని తేడాగా లెక్కపెట్టకూడదో, అది నీ మనసు బాగున్న రోజున, డాక్టరునడిగి తేల్చుకో. తేల్చుకున్నాక మార్చకు. తేడా ఆ లోపల ఉన్నంతవరకు మళ్ళీ తూచకు. దాటిందా, ఆలోచించకుండా ఆస్పత్రికి పరిగెత్తు. భయం వేసినప్పుడు మాత్రం కొత్తగా ఏదీ తేల్చకు."

మర్నాడు పాప కడుపునిండా తాగి పడుకున్న వేళ చూసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఎన్నాళ్ళకొకసారి తూచాలో, ఎంత తగ్గితే రావాలో, ఎంతవరకు తగ్గినా పట్టించుకోనక్కర్లేదో అడిగి తేల్చుకున్నాను. త్రాసు మా అత్తగారి గదిలో అలమార మీద ఉంది. ఇప్పటికీ భయం వేస్తుంది. వేసినప్పుడు నేను కొత్తగా ఏదీ తేల్చను.